అచ్చులో నాలుక ఉండదు

తార్నాకలో మందుల షాపు పైన ఒకటే గది.
పళ్ళు కట్టడం నా పని.
అచ్చులు నేను పోస్తాను,
హల్లులు మాత్రం కట్టించుకున్నవాళ్ళవి.
కొత్త పన్ను కూర్చోగానే అడుగుతాను,
ఏదైనా ఒక మాట అనండి, మీ భాషలోనే అని.
ఈల రాకూడదు, ఉమ్మి తుళ్ళకూడదు.
బిల్లు ఆ తర్వాతే.

మొన్న వచ్చినవాడి పేరు జ్మరక్.
జలాలాబాద్ పిల్లాడు, ఇక్కడ ఫార్మసీ చదువు,
హబ్సిగూడ మలుపులో బైకు జారి
ముందు పన్ను పోగొట్టుకున్నాడు.
అద్దంలో చూసుకుని "పఖ్తో" అన్నాడు.
నేను చీటీ మీద పష్తో అని రాసుకున్నాను.
"షా కాదు. షా అనేది కాందహార్ వాళ్ళు.
మాది ఖా. రాస్తే అక్షరం ఒకటే."

మూలన ప్లాస్టర్ కలుపుతున్న రితుమణి
గరిటె ఆపింది.
నల్బారి నుంచి వచ్చి రెండేళ్ళు.
నా రిజిస్టర్లో, వాళ్ళ ఇంటి ఓనరు నోట్లో
ఆమె భాష అస్సామీ.
ఇన్నాళ్ళకు దిద్దింది:
"ఒఖొమియా."
రాసేది స, పలికేది ఖ,
చేటలో నూకలు కదిలినట్టు గొంతులో ఒక గరగర.

ఒకరిది పొద్దు గుంకే వైపు, రాళ్ళ దేశం.
ఒకరిది బ్రహ్మపుత్ర గట్టును కోసుకుపోయే వైపు.
అంత దూరం నుంచి వచ్చి
తమ భాష పేరు చెప్పేటప్పుడు ఇద్దరూ
ఒకే చోట గొంతు గీరుకుంటారు.
నవ్వు వచ్చింది గానీ
కింద షాపు మోయిజ్ భాయ్ గుర్తొచ్చాడు.
కలం అడగడు ఆయన, "ఖలం" అడుగుతాడు.
లక్నో చుట్టాలు వెక్కిరిస్తారట.
ఈ ఊరూ ఆ గరగరను పెంచుకున్నదే.

చుట్టరికం అక్కడితో సరి.
రితుమణికి మన ట, త ఒక్కటే.
నాలుక పళ్ళ దాకా రాదు, అంగిలి దాకా పోదు,
చిగురు గట్టు మీదే ఆగుతుంది.
"సార్, పాట పన్ను తీసెయ్యమంటారా" అంటే
పాత పన్నేదో పాడుతున్నట్టు వింటాను.
జ్మరక్‌కు ఆ రెండూ వేరువేరు. డ ఉంది,
ణ కూడా ఉంది, మన ణ కంటే కాస్త విరిగినట్టు.
ఏట్లో ఒకరు జారవిడిచినదాన్ని
ఇంకొకరి కొండ పట్టుకునుంది
అని చీటీ వెనక రాసి, కొట్టేశాను.
జారవిడవడం ఏముంది,
దూరం పోయేవాళ్ళు బరువు తగ్గించుకుంటారు.

అంతలో కరెంటు పోయింది.
సిమెంటు ఆరేదాకా దూది కొరికి పట్టుకోమన్నాను.
రితుమణికి ఫోను. ఊళ్ళో వరద.
గబగబా మాటలు, వాటి మధ్య రెండుసార్లు
"మొర్ ఘొర్, మొర్ ఘొర్."
జ్మరక్ తలెత్తాడు. దూది తీసేసి
హిందీలో అడిగాడు:
"మీ అమ్మా? కొండ మీద ఉందా?"

వాళ్ళకు మోర్ అంటే అమ్మ,
ఘర్ అంటే కొండ.

ఆమె ఫోను చేత్తో మూసి
"కాదు, మొర్ అంటే నాది. ఘొర్ అంటే ఇల్లు" అంది.
కాసేపాగి,
"మా దగ్గర కొండ ఉంటే
నీళ్ళు ఇంట్లోకి వచ్చేవా?"

"మాకు కొండలున్నాయి"
అన్నాడు జ్మరక్.
మిగతాది చెప్పలేదు.
దూది మళ్ళీ పెట్టుకున్నాడు.

వెళ్తూ గుమ్మంలో ఆమెతో
"స్తడే మ షే" అన్నాడు.
అలిసిపోకుండు అని అర్థమట, వాళ్ళు పలకరించే తీరే అంత.
ఆమె తిరిగి అప్పజెప్పింది.
మధ్యలో డ
మళ్ళీ చిగురు గట్టు మీదే దిగింది.
అతను దిద్దలేదు.

షట్టరు దించే ముందు అరమీద చూశాను,
అతని అచ్చు, నంబరు నూట పన్నెండు.
పై దవడ, కింది దవడ,
అంగిలి మీది సన్న గీతలు కూడా పడ్డాయి.
నాలుక ఉండాల్సిన చోట
బొటనవేలు పట్టేంత ఖాళీ.

అద్దం ముందు నిలబడి ఖ అన్నాను.
మన ఖ వచ్చింది, కొబ్బరికాయ కొట్టినట్టు.
ఇంకోసారి. ఇంకోసారి.
కింద నుంచి మోయిజ్ భాయ్
దగ్గుమందు సీసా ఇచ్చి కుర్రాణ్ణి పంపాడు.